గాలి దగ్గిన రోజు

అప్పలరాముడికి పడవ ఎక్కితే వాంతులు. జాలరి ఇంట పుట్టినవాడికి ఇంతకన్నా సిగ్గుమాలిన జబ్బు ఉండదు. కాలు లేనివాడిని ఎత్తుకుని తీసుకుపోతారు, చూపు లేనివాడిని చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. పడవలో కక్కుకునేవాడిని చూస్తే మాత్రం వల లాగడం ఆపి మరీ నవ్వుతారు. పసివాడిగా తండ్రి వెంట శ్రీకాకుళం వైపు నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చేటప్పుడు ఓడ బయలుదేరిన దగ్గర్నుంచి నేల మీద కాలు పెట్టేదాకా కక్కుతూనే వచ్చాడట. తండ్రి నిమ్మకాయ నాకించాడు, తాయెత్తు కట్టించాడు, ఉప్పునీళ్ళు తాగించాడు. చివరికి విసిగిపోయి, వీడిక సముద్రానికి పనికిరాడని చాతం దీవిలోని కలప మిల్లులో దుంగలు దొర్లించే పనిలో పెట్టాడు. రోజూ వంతెన మీదుగా నడిచి పనికి పోయేవాడు. పక్కనే రేవులో బాంబూఫ్లాట్ ఒడ్డుకు పోయే ఫెర్రీ ఊగుతూ కనిపిస్తే మొహం అటు తిప్పుకునేవాడు. చూసినా కడుపులో తిప్పుతుందని కామమ్మ చెప్పేది. కామమ్మ అతని భార్య. భర్త గురించి దాచవలసింది ఏదీ ఆవిడ ఎన్నడూ దాచలేదు.

ఇలాంటివాడికి మా జాలరి కాలనీలో పరువు ఎలా దక్కిందంటే, పిల్లనగ్రోవి వల్ల.

వానలు తగ్గి సముద్రం నిమ్మళించాక, ఒడ్డుకు లాగిపెట్టిన పడవలు మళ్ళీ నీళ్ళు తాకే రోజొకటి ఉంది మాకు. ఆ పొద్దున గంగమ్మకు కొబ్బరికాయ కొడతారు. అప్పుడు ఇసుక మీదున్న మొదటి పడవ ముందు కొసన ఒక మనిషి కూర్చుని పిల్లనగ్రోవి ఊదాలి. ఊదడం అయ్యేదాకా ఏ పడవా కదలకూడదు. ఆ ఊదే హక్కు అప్పలరాముడి ఇంటిది. తాత ఆ ఒడ్డున ఊదాడు, తండ్రి ఈ ఒడ్డున ఊదాడు, తండ్రి పోయాక ఇతను ఊదుతున్నాడు. కొత్త తువ్వాలు తలకు చుట్టి, పడవ ఎక్కి కూర్చుని, కింద నిలబడ్డ జనాన్ని ఒకసారి కలియజూసేవాడు. పడవ ఇసుక మీదే ఉంటుంది కాబట్టి కడుపు ఊరుకునేది. సాయంత్రం మొదటి వేటలో మొదటి చేప అతనింటికి పోయేది. ఆ ఒక్క రోజూ అతను జాలరి. మిగతా రోజుల్లో మిల్లు కూలీ.

బాగా ఊదుతాడా అంటే, ఊదడు. వచ్చింది ఒక్క పాట, అందులో సగం ఊపిరి తీసుకోవడమే. కానీ ఇతరుల సంగీతం మీద అతనికున్న అభిప్రాయాలకు అంతులేదు. రేడియోలో సన్నాయి వస్తే ముక్కు చీదుతున్నారనేవాడు. పక్క వీధి బెంగాలీల పాట వింటే ఎవరు పోయారో కనుక్కోమనేవాడు. మిల్లులో తమిళ భయ్యా ఒకడు మౌతార్గన్ వాయిస్తే మొక్కజొన్న కంకి తిన్నట్టుందనేవాడు. తనకు రాని ప్రతి విద్యనూ అసహ్యించుకోవడం, ఆ ఒక్క విద్యలో మాత్రం అతను నిజంగా ఆరితేరాడు.

అలాంటి సమయంలో రమణయ్య ఊడిపడ్డాడు.

రమణయ్య కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. డైరీ ఫార్మ్ అనే పేటలో అద్దెకుండేవాడు. ఆయన దగ్గర పట్టుగుడ్డ సంచి, సంచిలో కట్టగా వేణువులు. ఒక్క నోటికి అన్ని వేణువులు ఎందుకని అడిగితే జాలిగా నవ్వేవాడు. ఆ ఏడు వినాయక చవితి భజనకు కుర్రాళ్ళు ఆయన్ని కాలనీకి పిలుచుకొచ్చారు. వచ్చి ముందు ఉపన్యాసం ఇచ్చాడు. వేణువంటే మాటలు కాదనీ, గురువు పాదాల దగ్గర ఏళ్ళ తరబడి పడి ఉండాలనీ, అరటాకు ముందు కూర్చున్న జనానికి చెప్పాడు. పులిహోర చల్లారింది. ఆ తరవాత కళ్ళు మూసుకుని వాయించాడు. బాగానే వాయించాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

కాలనీ పెద్ద నూకయ్య. అందరికన్నా ఎక్కువ పడవలు ఆయనవి, అందుకని పెద్ద. ఆయన తల ఊపి, "ఈ ఏడు పడవల కాడ బాబుగారి సేత ఊదిత్తే ఎలాగుంటాది?" అన్నాడు.

రమణయ్య, "చూద్దాం" అన్నాడు. ఒప్పుకున్నవాళ్ళు అనే 'చూద్దాం'.

అప్పలరాముడు తినకుండా లేచిపోయాడు.

ఇంకొకడైతే ఆ రాత్రి నుంచే సాధన మొదలుపెట్టేవాడు. ఇతను అంత నీచానికి దిగలేదు. రమణయ్యను మించి ఊదడం తన వల్ల కాదని లోపల తెలుసు. అందుకని పిల్లనగ్రోవినే నేలకు దించడానికి దారి వెతికాడు.

ఆ దారి చౌల్దారీ అనే పల్లెలో దొరికింది. కామమ్మ తమ్ముడికి అక్కడ పొలం ఉంది. ఆ వారం బస్సెక్కి బావమరిది ఇంటికి పోయాడు. సముద్రపు పాయ మీదుగా నైరుతి గాలి విసిరి కొడుతోంది. పొలం కంచె అంతా వెదురు గుంజలు. అడ్డంగా నరికిన గుంజల మూతుల్లో గాలి దూరి 'హూ' అని మూలుగుతోంది. ఒక గుంజకు తుమ్మెద కన్నం తొలిచింది. దాని గొంతు వేరుగా ఉంది, కాస్త సన్నగా. అప్పలరాముడు పిలిచినా భోజనానికి పోకుండా కంచె దగ్గరే చతికిలబడ్డాడు.

"ఆ కంచె ఎప్పుడూ అంతే బావా, కూత్తాది," అన్నాడు బావమరిది. "గొడ్లు బెదురుతున్నాయి. మూతులకి బంకమన్ను కొట్టేద్దారనుకుంతన్నాను."

"నీకేటి మతి పోయిందేటి? ఆ తుమ్మెద కర్ర నాకియ్యి."

కర్ర పీకించి, బస్సు మీద వేయించి, కాలనీకి తెచ్చాడు. కర్రతోపాటు సిద్ధాంతమూ తెచ్చాడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు, మిల్లులో చెప్పాడు, చెప్పులు కుట్టించుకుంటూ చెప్పాడు. చివరికి నూకయ్య వాకిట్లో పంచాయితీ పెట్టవలసి వచ్చింది, పడవ మీద ఎవరు కూర్చోవాలో తేల్చడానికి. రమణయ్యకు కుర్చీ వేశారు. అప్పలరాముడికి వెయ్యలేదు. అతను అది గమనించాడని అందరూ గమనించారు.

"మొదటి పిల్లనగ్రోయి ఏ దేముడూ ఇవ్వనేదు, ఏ గురువూ సెయ్యనేదు," అని మొదలుపెట్టాడు. "ఒడ్డున రెల్లు గాలికి ఇరిగింది. ఇరిగిన కాడలో గాలి దూరింది, కూసింది. అడివిలో ఎదురుని తుమ్మెద తొలిసింది. గాలి ఆ కన్నంలో దూరి పాడింది. అప్పుడు మనిసేటి సేత్తన్నాడు? కిందన కూకుని గోక్కుంతన్నాడు. పాటయిపోయాక ఆ కర్ర కోసుకుని, నానే సేసినానని సంకనెట్టుకున్నాడు."

జనం నవ్వారు. రమణయ్య కూడా నవ్వాడు, ఆలస్యంగా.

"నోటితో చెప్పడం కాదు. చూపించు," అన్నాడు.

అప్పలరాముడు నూకయ్య పెరట్లోకి పోయి బొప్పాయి ఆకొకటి కోశాడు. కాడ రెండు కొసలూ తెంపి, ఒక కొస వేలితో మూసి, రెండో కొస గాలికి అడ్డంగా పట్టాడు. ఏమీ వినిపించలేదు. కాస్త వంచాడు. ఏమీ లేదు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. బొప్పాయి పాలు ముంజేతి మీదుగా కారుతున్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో సముద్రం మీంచి ఒక విసురు వచ్చింది. కాడ 'హూ' అంది. చిన్న కూతే గానీ వాకిలంతా విన్నది.

"సూసినారా. ఆకుకాడ. దీనికి ఏ గురువు?"

"గాలికి రాగం తెలుసునా? తాళం తెలుసునా?" అన్నాడు రమణయ్య. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"తమరికి తెలిసి ఏటి సేత్తన్నారు బాబూ. గాలి వచ్చిందీ, పాడిందీ, ఎల్లిపోయింది. మీరు పాడేముందు మా పులిహోర సల్లారిపోనాది."

"ఏమయ్యా, కూత వేరు, సంగీతం వేరు. సంగీతానికి మనిషి ఊపిరి కావాలి. ఊపిరి అంటే ప్రాణం."

ఇక్కడ ఆగి ఉంటే అప్పలరాముడు గెలిచి ఉండేవాడు. ఆగడం అతని వంశంలో లేదు.

"ఊపిరంటే ఏటి బాబూ? నోట్లోంచి ఎల్లిన గాలి. ఎంగిలి గాలి. గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొరికి పెడతామేటి? అరిటిపండు సగం తిని పెడతామేటి? మరి ఎంగిలి గాలితో పాట పెడతామా?"

వాకిట్లో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎంగిలి అన్న మాట అంత పని చేసింది. రాగం, తాళం, నాదం ఎవరికీ పట్టలేదు గానీ ఎంగిలి అంటే అందరికీ తెలుసు. చేపలమ్మే ఎరుకమ్మ, కాలనీలో అందరికన్నా పెద్దావిడ, చెంపలు వేసుకుంది.

"ఓలమ్మ, ఇన్నేళ్ళూ తల్లికి ఎంగిలే పెట్టినాం. పోయినేడు సేప పడనేదంటే ఎందుకు పడద్ది?"

నూకయ్య గడ్డం గోక్కున్నాడు. ఇద్దరి గొడవతో అప్పటికే విసిగిపోయి ఉన్నాడు. పెద్దవాళ్ళు న్యాయం కోసం చూడరు, గొడవ వదిలించుకునే మార్గం కోసం చూస్తారు. ఆ మార్గం అప్పలరాముడే చేతిలో పెట్టాడు.

"బస్. ఖతమ్," అన్నాడు. "ఈ ఏడు మనిసి ఊదడు. బాబుగారూ వద్దు, ఎవులూ వద్దు. రాముడు తెచ్చిన కర్రే ఒడ్డున పాతుదాం. గాలే ఊదుతాది. సొక్కమైన గాలి. ఠీక్ హై నా?"

అందరూ ఠీక్ హై అన్నారు. రమణయ్య సంచి సర్దుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అప్పలరాముడు ఆ వెళ్ళిపోయే వీపును తృప్తిగా చూసి, ఛాతీ విరుచుకుని ఇంటికి నడిచాడు.

కామమ్మ చేప తోముతోంది. అంతా విని, తోముతూనే అడిగింది.

"నువ్వెక్కడ కూకుంతావు మరి?"

"ఎక్కడంటే?"

"పడవ మీద గాలి కూకుంతాది. కిందన జనం ఉంతారు. నువ్వెక్కడుంతావు?"

అప్పలరాముడు తువ్వాలు తలకు చుట్టుకుందామని ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

"మీ తాతది ఎంగిలి, మీ బాబుది ఎంగిలి," అంది కామమ్మ. "బాగా సెప్పినావు. సచ్చినోళ్ళకి నోరు నేదు కదా."

మర్నాడు నూకయ్య దగ్గరికి పోయాడు. ఏదో పని మీద వచ్చినట్టు వలలు చూశాడు, వాతావరణం చూశాడు.

"గాలి ఒక్కోపాలి రాదు కదా మావా," అన్నాడు చివరికి.

"వత్తాదన్నావు కదా."

"వత్తాదిలే. రాకపోతే అని..."

"రాకపోతే ఎంగిలి ఊదమంటావా?"

అప్పలరాముడు ఇంటికొచ్చేశాడు.

కర్రను ఒడ్డున, బోర్లించి వదిలేసిన ఒక పాత పడవ పక్కన పాతారు. గాలి రోజులు కదా, పాతిన క్షణం నుంచీ కూత మొదలు. పగలూ కూత, రాత్రీ కూత. కుక్కలు దానికి ఎదురు ఊళలు పెట్టాయి. బాలింతలు నూకయ్యను తిట్టారు. దారిలో ఎదురైన ప్రతివాడూ అప్పలరాముడి భుజం తట్టి, "నీ గాలి బలే పాడతంది భయ్యా" అనేవాడు. అతను అవునన్నట్టు తల ఊపేవాడు. తన కుర్చీని తానే నరికి పొయ్యిలో పెట్టుకుని, మంట బాగుందని మెచ్చుకోవలసిన గతి మనిషికి ఎందుకు పడుతుందో అతన్ని చూస్తే తెలిసేది. జాలిపడదామనుకుంటే, అంతలోనే టీ కొట్టు దగ్గర ఎవరి పాటకో ముక్కు చీదుడని పేరు పెట్టేవాడు. దాంతో జాలి పోయేది.

పడవల రోజు వచ్చింది. నైరుతి గాలి వెళ్ళిపోయింది, ఈశాన్యపు గాలి ఇంకా రాలేదు. ఆ నడుమ రోజుల్లో మా సముద్రం గిన్నెలో పోసిన నూనెలా ఉంటుంది. కొబ్బరాకు కదలదు. ఈ సంగతి సముద్రం మీద బతికే మా పెద్దలందరికీ తెలుసు. కర్ర పాతేటప్పుడు ఒక్కరికీ గుర్తు రాలేదు. సంవత్సరమంతా గాలిని చూసి బతికేవాళ్ళు, ఎంగిలి అన్న ఒక్క మాటకు గాలిని మర్చిపోయారు.

కొబ్బరికాయ కొట్టారు. పసుపు నీళ్ళు చల్లారు. నూకయ్య కర్ర వంక చూశాడు. అందరూ కర్ర వంక చూశారు. కర్ర ఊరుకుంది. దాని మూతి మీద కాకి వాలి, అటూ ఇటూ చూసి ఎగిరిపోయింది.

"ఏటి రాముడూ?" అన్నాడు నూకయ్య.

"వత్తాది. ఆగండి."

ఆగారు. పోటు నీళ్ళు ఇసుకను వదిలి మెల్లగా వెనక్కి జారుతున్నాయి. ఇంకాసేపు ఆగితే పడవలు బురదలో కూరుకుపోతాయి, ఆ రోజు వేట పోయినట్టే. మగవాళ్ళు పడవల మీద చేతులు వేసి గుసగుసలు మొదలుపెట్టారు.

రమణయ్య కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తలకు నూనె రాసుకుని, చంకలో సంచి పెట్టుకుని, ఊరికే షికారుకు వచ్చినవాడిలా ఒక పక్కన నిలబడ్డాడు. కుర్రాళ్ళలో ఒకడు, "ఎంగిలయితే అయింది, బాబుగారి సేత ఊదించెయ్యండి. వేట పోతంది," అన్నాడు. ఇంకొకడు అవునన్నాడు. నూకయ్య అవుననలేదు, కాదనలేదు. రమణయ్య సంచి ముడి విప్పి, ఒక వేణువు తీశాడు, అది కాదని ఇంకొకటి తీశాడు, గుడ్డతో తుడిచాడు.

అప్పలరాముడు ఆ గుడ్డ వంక చూశాడు. ఆ మనిషి ఒక్కసారి ఊదాడంటే, వచ్చే ఏడూ ఊదుతాడు, ఆ పై ఏడూ ఊదుతాడు. తానే ముందుకు పోయి ఊదుదామంటే, ఎంగిలని చాటింది తన నోరే. ఆ నోటితో "నాది మాత్రం ఎంగిలి కాదు" అనాలి. అనగలడు. అంటే జీవితాంతం నవ్వుతారు. ఎవరినీ చూడకుండా, ఒంటికి పోయేవాడిలా మెల్లగా గుంపు వెనక్కి జరిగాడు. తరవాత కనిపించలేదు.

రమణయ్య వేణువు పెదవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంకా ఊదలేదు.

కర్ర వైపు నుంచి పిల్లనగ్రోవి వినిపించింది.

జనం తిరిగి చూశారు. కర్ర కదలలేదు, కొబ్బరాకు కదలలేదు, ఎరుకమ్మ చుట్ట పొగ నిటారుగా పైకి పోతోంది. బోర్లించిన పాత పడవ వెనక నుంచి పాట వస్తోంది. అదే పాట, ఎన్నో ఏళ్ళుగా మేమంతా విని విని విసిగిపోయిన పాట. సగం పాట, సగం ఊపిరి. కానీ ఆ రోజు కాస్త వేగంగా, భయపడుతూ వచ్చింది.

పాట మధ్యలో గాలి దగ్గింది.

ఒకసారి కాదు. మిల్లు రంపపు పొట్టు ఏళ్ళ తరబడి పీల్చిన దగ్గు, తెరలు తెరలుగా వచ్చింది. తరవాత ఖాండ్రించి ఉమ్మిన చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. మళ్ళీ పాట, దగ్గు వచ్చిన చోటు నుంచే అందుకుంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి మా వాళ్ళు ఎంత కష్టపడ్డారో చెప్పలేను. పడవ పట్టుకున్నవాళ్ళు పడవలోకి చూశారు, ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు. కామమ్మ మాత్రం సముద్రం వంకే చూస్తూ నిలబడింది. పాట అయిపోయింది.

నూకయ్య గొంతు సవరించుకున్నాడు.

"గాలొచ్చింది. తొయ్యండి."

పడవలు కదిలాయి.

రమణయ్య కళ్ళు తెరిచాడు. "గాలా? ఏదీ గాలి?" అంటూ వేలు తడిచేసి పైకెత్తాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఏమండీ, ఆ పడవ వెనక ఎవరో ఉన్నారు. మనిషి దగ్గాడు."

"మా గాలి అంతే బాబూ," అంది ఎరుకమ్మ చుట్ట తీసి. "బయటోళ్ళకి తగల్దు."

రమణయ్య వేణువును గుడ్డలో చుట్టుకుని, ఇలాంటి మూర్ఖులు భూమ్మీద ఉండరని అందరికీ వినబడేటట్టు అంటూ వెళ్ళాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

పడవలు దూరమయ్యాక అప్పలరాముడు చెట్ల వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చాడు. మోకాళ్ళ నిండా ఇసుక, మీసం మీద ఇసుక.

"సెప్పినాను కదా, వత్తాదని," అన్నాడు.

"సెప్పినావు బావా," అన్నారు ఒడ్డున మిగిలినవాళ్ళు.

అంతే, అదే ఆచారం అయిపోయింది. ఏటేటా కొబ్బరికాయ కొట్టగానే అప్పలరాముడు గుంపులోంచి మాయమవుతాడు. పాత పడవ వెనక గాలి వీస్తుంది, దగ్గుతుంది. నూకయ్య గాలొచ్చిందంటాడు. పడవ ముందు కొసన ఎవరూ కూర్చోరు, తువ్వాలు చుట్టరు. ఊదే పని అతని చేతిలోనే ఉంది, ఊదేవాడన్న పేరే లేదు. ఆ పేరు కోసమే కదా ఇంత చేశాడు. అయినా ఒక్కరూ అతనితో నిజం అనలేదు. దయ వల్ల కొంత, ఏడాదికొకసారి ఆ తమాషా పోతుందేమోనన్న భయం వల్ల ఎక్కువ.

మొదటి చేప సంగతి ఒకటి మిగిలింది. ఊదినవాడికి ఇవ్వాలి, ఊదింది గాలి. ఆ మొదటి సాయంత్రమే నూకయ్య ఆలోచించి, ఆకులో చుట్టిన గుప్పెడు కవళ్ళు, వేలెడేసి చిన్న చేపలు, పాత పడవ వెనక పెట్టించాడు. గాలి తీసుకుంటుందన్నాడు. చీకటి పడకుండానే గాలి తీసుకుంది. కామమ్మ పులుసు పెట్టింది, ఎక్కడివని అడగలేదు.

మర్నాడు పొద్దున్నే అప్పలరాముడు నూకయ్య వాకిట్లో నిలబడ్డాడు. మొహం చిటపటలాడుతోంది.

"మావా, నిన్న మొదటి వేటలో అంత పెద్ద కోనెం సేప పడిందట."

"పడింది."

"పడితే గాలికి కవళ్ళు పెడతావా? గాలికి నోరు నేదనా?"

నూకయ్య లోపలికి కేకేసి, ఉప్పు రాసి దాచిన కోనెం తల తెప్పించాడు.

"మరైతే గాలికిచ్చెయ్యి," అన్నాడు.

అప్పలరాముడు తల అందుకుని, మొప్ప ఎత్తి చూశాడు, వాసన చూశాడు.

"నిన్నే ఇయ్యాల్సింది," అని విసుక్కుంటూ ఇంటికి పోయాడు.